గట్టు మీది జన్యు నిధికి గడ్డు కాలం

పంటల వన్య బంధువులను ఆదుకునే నాథుడేడీ?

సంగారెడ్డి: జిల్లా గుండా సాగే 65వ నంబరు జాతీయ రహదారికి ఒక కొసన పటాన్‌చెరు, మరో కొసన జహీరాబాద్‌ ఉన్నాయి. పటాన్‌చెరులోని ఇక్రిశాట్‌ ఆవరణలో 144 దేశాల నుంచి సేకరించిన లక్షా ఇరవై వేలకు పైగా విత్తన నమూనాలు శీతల గిడ్డంగుల్లో భద్రంగా నిద్రిస్తున్నాయి. జహీరాబాద్‌ వైపు న్యాల్‌కల్‌, ఝరాసంగం మండలాల్లో జాతీయ పెట్టుబడులు, ఉత్పాదక మండలి కోసం 12 వేల ఎకరాలకు పైగా భూమిని ప్రతిపాదించారు. అందులో 3,245 ఎకరాల్లో పారిశ్రామిక స్మార్ట్‌ నగరం నిర్మించేందుకు 2024 ఆగస్టులో కేంద్ర మంత్రివర్గం ఆమోదముద్ర వేసింది. ఒకచోట విత్తనాన్ని తరతరాలకు దాచే యత్నం. మరోచోట విత్తనం మొలిచే నేలను చదును చేసే సన్నాహం. రెండూ ఒకే జిల్లాలో, ఒకే బాట మీద సాగుతున్నాయి.

ఈ రెంటి నడుమ ఎవరి లెక్కకూ అందని మొక్కలు కొన్ని ఉన్నాయి. పొలం గట్లు, చెరువు శిఖాలు, బంచరాయి భూములు, బాట పక్క కందకాలే వాటి నివాసాలు. రైతు కంటికి అవి కలుపు. గొర్రెల కాపరికి మేత. గుత్తేదారుకు యంత్రంతో తొలగించాల్సిన పిచ్చిమొక్కలు. వాస్తవానికి వరి, కంది, జొన్న, పెసర, వంగ, బెండ వంటి పంటలకు ఇవి రక్తసంబంధీకులు. శాస్త్ర పరిభాషలో పంటల వన్య బంధువులు. పంటకు కొత్త తెగులు సోకినప్పుడు, ఉన్న రకాలన్నీ చేతులెత్తేసినప్పుడు శాస్త్రవేత్తలు చివరికి తలుపు తట్టేది వీటి ఇంటినే. ఆ ఇల్లే లేకుండా పోతే ఏమిటన్నదే ఇప్పుడు తలెత్తుతున్న ప్రశ్న.

పంట పోగొట్టుకున్న గుణాలు

వేల ఏళ్ల కిందట మనిషి అడవి గడ్డిలోంచి గింజ రాలని మొక్కలను, ఒక్కసారిగా పండే మొక్కలను, గింజ లావెక్కిన మొక్కలను ఏరి విత్తుకుంటూ వచ్చాడు. ఆ ఏరివేత నుంచే వ్యవసాయం పుట్టింది. అయితే ఏరిన కొద్దీ దిగుబడి పెరిగిందే తప్ప, ఏరని గుణాలన్నీ గట్టు అవతలే ఉండిపోయాయి. తెగులును తట్టుకోవడం, పురుగును దరిచేరనీయకపోవడం, నెల రోజులు వాన మొహం చాటేసినా బతికి బట్టకట్టడం వంటివి అడవి మొక్కకు నిత్యావసరాలు. ఎరువు, నీరు, మందు అందించే యజమాని ఉన్న పైరుకు వాటి అవసరం తగ్గింది. కాలక్రమంలో అవి చేజారాయి. కంది పంటనే తీసుకుంటే, సాగులో ఉన్న రకాల మధ్య జన్యు భేదాలు చాలా స్వల్పమనీ, వన్య జాతుల్లో అవి ఎన్నో రెట్లు అధికమనీ ప్రయోగశాలల్లో జరిగిన పరిశీలనలు తేటతెల్లం చేశాయి.

అందువల్లే ఈ మొక్కలను కలుపుగా కొట్టిపారేయడానికి వీల్లేదు. అవి పంట పోగొట్టుకున్న గుణాలను నేటికీ దాచి ఉంచిన పాత పెట్టెలు.

సాంబ మసూరికి ఆఫ్రికా అండ

తెలుగునాట అన్నం మెతుకు ఎరిగిన ప్రతి ఇంటికీ పరిచయమైన పేరు సాంబ మసూరి. 1986లో బాపట్ల నుంచి విడుదలైన ఈ బీపీటీ 5204 రకం సన్నగింజకు, రుచికి పెట్టింది పేరు. కానీ బాక్టీరియా ఎండాకు తెగులుకు ఇట్టే లొంగిపోతుంది. ఆకు కొన నుంచి అంచుల వెంట ఎండుతూ వచ్చే ఈ తెగులుకు నమ్మదగిన మందు లేదు. మడి మొత్తం పాకితే రైతు చేయగలిగేది చూస్తూ ఊరుకోవడమే.

హైదరాబాద్‌లోని వరి పరిశోధన సంచాలకాలయం (నేటి భారతీయ వరి పరిశోధన సంస్థ), సీసీఎంబీ శాస్త్రవేత్తలు కలిసి దీనికి విరుగుడు సాధించారు. సాంబ మసూరి గుణాలేవీ చెడకుండా మూడు నిరోధక జన్యువులను అందులోకి చేర్చి, 2008లో మెరుగుపరచిన సాంబ మసూరిని రైతులకు అందించారు. ఆ మూడింటిలో బలమైనది ఎక్స్‌ఏ 21 అనే జన్యువు. దాని పుట్టిల్లు బాపట్లా కాదు, హైదరాబాదూ కాదు. పశ్చిమాఫ్రికాలోని మాలి దేశంలో పెరిగే ఒక అడవి వరి. తినడానికి పనికిరాని ఆ గడ్డి తెగులును తట్టుకుంటుందని కటక్‌లోని కేంద్ర వరి పరిశోధన సంస్థలో 1970వ దశకంలో గుర్తించారు. ఆపై ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థలో దానిని సాగు వరితో సంకరం చేసి, తరాల తరబడి శ్రమించి ఆ ఒక్క గుణాన్ని వేరుచేశారు. మాలిలో ఆ గడ్డి మొక్కను ముందే ఎవరైనా దున్నేసి ఉంటే తెలంగాణ, ఆంధ్ర రైతులకు ఈ అండ దక్కేది కాదు.

నివ్వరి గింజ నిలబెట్టిన వరి

దీనికి ముందే మరో ఉదంతం ఉంది. 1970వ దశకం ఆరంభంలో ఆసియా వరి పొలాలను గ్రాసీ స్టంట్‌ అనే వైరస్‌ తెగులు చుట్టుముట్టింది. సుడిదోమ ద్వారా వ్యాపించే ఈ తెగులు సోకితే వరి దుబ్బు గడ్డిలా గుబురెక్కి, కంకి వేయకుండా గిడసబారిపోతుంది. అంతర్జాతీయ వరి సంస్థ తన వద్ద ఉన్న వేలాది రకాలను పరీక్షకు పెట్టగా సాగు రకాల్లో ఒక్కటీ నిలబడలేదు. నిలిచింది ఒకే ఒక్క అడవి వరి నమూనా. అది ఉత్తర్‌ప్రదేశ్‌లో సేకరించిన ఒరైజా నివారా. ఆ నమూనాలోనూ కొన్ని మొక్కలే తెగులును ఎదిరించాయి. వాటి జన్యువుతోనే ఐఆర్‌ 36 వంటి రకాలు రూపుదిద్దుకున్నాయి. 1976లో విడుదలైన ఐఆర్‌ 36 ఒక దశలో ప్రపంచంలో కోటి హెక్టార్లకు పైగా సాగయింది.

ఈ నివారా పరాయి మొక్క కాదు. ప్రాచీన సంస్కృత సాహిత్యంలో మునుల ఆహారంగా కనిపించే నీవార ధాన్యమిదే. తెలుగు నిఘంటువుల్లో నివ్వరి. దక్కను పీఠభూమిలోని చెరువు అంచుల్లో, నీరు నిలిచి ఎండే పల్లపు గుంటల్లో సహజంగా మొలుస్తుంది. దీనిని ప్రత్యేక జాతిగా 1965లో శాస్త్రలోకానికి పరిచయం చేసిన ఇద్దరు శాస్త్రవేత్తల్లో ఒకరైన ఎస్‌.వి.ఎస్‌.శాస్త్రి, హైదరాబాద్‌ కేంద్రంగా అదే ఏడాది ఏర్పాటైన అఖిల భారత సమన్వయ వరి అభివృద్ధి పథకానికి తొలి సమన్వయకర్త కావడం విశేషం.

కందికి పుట్టినిల్లు మన కనుమలే

వరి మాట అలా ఉంచితే, కంది విషయంలో ఈ గడ్డకు మరింత బాధ్యత ఉంది. ప్రపంచానికి కందిని అందించింది భారతదేశమే. సాగు కందికి మూలపురుషుడిగా భావిస్తున్న కజానస్‌ కజానిఫోలియస్‌ అనే వన్య జాతి ఒడిశా, బస్తర్‌లోని బైలదిల్లా కొండలు, తూర్పు కనుమల్లో తప్ప ప్రపంచంలో మరెక్కడా సహజంగా పెరిగే దాఖలాలు లేవు. బైలదిల్లా ఇనుప గనులకు పేరుమోసిన ప్రాంతం. తూర్పు కనుమలు పోడు, గనులు, రహదారుల ఒత్తిడిని ఎదుర్కొంటున్న ప్రాంతం.

ఈ అడవి కందే దశాబ్దాల ప్రతిష్టంభనను ఛేదించింది. వరి, జొన్న, పత్తి పంటల్లో సంకర రకాలు ఏనాడో వచ్చినా పప్పుధాన్యాల్లో అది సాధ్యం కాలేదు. పుప్పొడి లేని తల్లి మొక్క దొరికితేనే పెద్దయెత్తున సంకర విత్తనం తయారవుతుంది. సాగు కందిలో అందుకు అనువైన స్థిరమైన లక్షణం లభించలేదు. ఇక్రిశాట్‌ శాస్త్రవేత్తలు కజానిఫోలియస్‌ను తల్లిగా వాడి, దాని కణద్రవ్యం ద్వారా సంక్రమించే పురుష వంధ్యత్వాన్ని సాధించారు. ఈ విజయాన్ని 2005లో ప్రకటించారు. దాని ఫలితంగా ఐసీపీహెచ్‌ 2671 అనే సంకర కంది 2010లో మధ్యప్రదేశ్‌లో విడుదలైంది. 2015లో తెలంగాణలో విడుదలైన ఐసీపీహెచ్‌ 2740కి మన్నెంకొండ కంది అని తెలుగు పేరే పెట్టారు. విత్తనోత్పత్తిలోని శ్రమ కారణంగా ఇవి ఆశించినంతగా విస్తరించకపోయినా, పప్పుధాన్యాల్లో సంకర రకాల సాధన అసాధ్యం కాదని అడవి కంది రుజువు చేసింది.

కందికి మరో చుట్టం ఈ జిల్లా రైతులకు మరింత చేరువలో ఉంది. కజానస్‌ స్కారాబయోయిడిస్‌ అనే ఈ తీగ ఉలవ తీగను తలపిస్తూ గట్ల మీద, పచ్చిక బీళ్లలో అల్లుకుంటుంది. కాయ నిండా దట్టమైన నూగు. ఆ నూగే దానికి కవచం. కంది రైతు గుండెల్లో గుబులు పుట్టించే శనగపచ్చ పురుగు పిల్లలు ఆ కాయల మీద నిలదొక్కుకోలేవని ఇక్రిశాట్‌ పరిశోధనల్లో తేలింది. పురుగుమందుల మీద ఏటా వేలకు వేలు వెచ్చిస్తున్న రైతు, ఆ ఖర్చును తగ్గించగల గుణమున్న తీగనే గట్టు మీద కలుపు మందుతో మాడ్చేయడం విధి వైపరీత్యం.

కూరగాయలూ ఇందుకు మినహాయింపు కాదు. పల్లాకు తెగులును తట్టుకునే బెండ రకంగా రైతులకు చిరపరిచితమైన పర్భని క్రాంతి 1980వ దశకంలో మరఠ్వాడాలో రూపొందింది. బెండకు దూరపు చుట్టమైన ఒక వన్య జాతితో చేసిన సంకరమే దానికి మూలం. మార్కెట్‌ యార్డుకు వచ్చే ప్రతి పంట వెనుకా ఇలాంటి కథ ఒకటి ఉన్నా చెప్పేవారు కరవు.

ముప్పు ముంచుకొస్తోంది ఇలా...

ఈ మొక్కలు కనుమరుగవడానికి పెద్ద విపత్తులేవీ అక్కర్లేదు. నాలుగు చిన్న మార్పులు చాలు. మొదటిది గట్టు. ట్రాక్టర్లు, కోత యంత్రాలు తిరగడానికి వీలుగా గట్లను కలిపేసి మడులను పెద్దవి చేస్తున్నారు. మిగిలిన గట్లు సన్నబడుతున్నాయి. రెండోది కలుపు మందు. కూలీల కొరత, పెరిగిన కూలి రేట్ల వల్ల గట్టు గడ్డిని కొడవలితో కోసే రోజులు పోయాయి. కోస్తే మళ్లీ చిగురించే మొక్క మందు చల్లితే వేరుతో సహా చస్తుంది. గ్లైఫోసేట్‌ వాడకంపై కేంద్రం 2022 అక్టోబరులో ఆంక్షలు విధించినా, గట్టున ఏ మందు ఎవరు చల్లుతున్నారో చూసే యంత్రాంగం గ్రామంలో లేదు.

మూడోది చెరువు. శిఖం భూముల ఆక్రమణ, కట్టల వెంట కాంక్రీటు, అలుగుల ఆధునికీకరణ వల్ల నీటికీ నేలకూ మధ్య ఉండే పల్లపు అంచు కుదించుకుపోతోంది. నివ్వరికి కావాల్సింది సరిగ్గా ఆ అంచే. పూడిక తీస్తే చెరువులో నీరు పెరుగుతుంది, పొలానికి మట్టి అందుతుంది. ఆ మేలు కాదనలేనిది. అయితే అంచు వరకూ ఒకేసారి గీకేస్తే మట్టితోపాటు అందులో నిద్రాణంగా ఉన్న విత్తనమూ లారీ ఎక్కుతుంది. నాలుగోది పట్టణీకరణ. పటాన్‌చెరు, అమీన్‌పూర్‌, రామచంద్రాపురం ప్రాంతాల్లో ఒకప్పటి చేలు నేడు కాలనీలు. పటాన్‌చెరు, బొల్లారం పారిశ్రామిక వాడల వ్యర్థాలతో నక్కవాగు కలుషితమైన వైనం సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. ఇప్పుడు పరిశ్రమల దృష్టి జహీరాబాద్‌ నల్లరేగడి నేలల మీద పడింది.

దీనికి వాతావరణ మార్పు తోడవుతోంది. వేరుశనగ, అలసంద, ఆలుగడ్డ పంటల వన్య బంధువుల్లో 16 నుంచి 22 శాతం జాతులు 2055 నాటికి అంతరించే ప్రమాదముందని 2008లో వెలువడిన అంతర్జాతీయ అధ్యయనం అంచనా వేసింది. మొక్క కాళ్లతో నడవలేదు. వేడి పెరిగితే దాని విత్తనం చల్లని చోటుకు చేరాలి. గట్టు తెగి, బీడు ప్లాటుగా మారి, చుట్టూ ప్రహరీ లేచిన చోట ఆ ప్రయాణం సాగదు.

దాచిన విత్తనం చాలదా?

పటాన్‌చెరులో విత్తన నిధి ఉండగా గట్టు మొక్క గురించి ఇంత ఆందోళన ఎందుకన్న సందేహం సహజం. ఇక్రిశాట్‌ సేవ అమూల్యమైనదే. 1972లో ఏర్పాటైన ఈ సంస్థ జొన్న, సజ్జ, శనగ, కంది, వేరుశనగ, చిరుధాన్యాల విత్తనాలను కాపాడుతోంది. నార్వేలోని స్వాల్‌బార్డ్‌ మంచు గిడ్డంగిలోనూ 2008 నుంచి నకలు భద్రపరుస్తోంది. దీర్ఘకాల నిల్వ మైనస్‌ 20 డిగ్రీల వద్ద సాగుతుంది.

అయితే ఆ నిధిలోని కంది నమూనాలు 13 వేలకు పైగా ఉంటే, వన్య జాతులవి అయిదు వందల పైచిలుకే. అంటే వందకు నాలుగు. ఇది ఒక్క సంస్థ లోపం కాదు. ప్రపంచవ్యాప్తంగా 81 పంటలకు చెందిన 1,076 వన్య బంధువులను లెక్కించిన అధ్యయనం ఒకటి 2016లో వెలువడింది. వాటిలో 313 రకాలకు ఏ విత్తన నిధిలోనూ ఒక్క నమూనా కూడా లేదని, 70 శాతానికి పైగా రకాలను అత్యవసరంగా సేకరించాల్సి ఉందని అది తేల్చింది. అడవి విత్తనాన్ని సేకరించడమూ తేలిక కాదు. నివ్వరి గింజ ముదిరీ ముదరకముందే రాలిపోతుంది. వారం ఆలస్యమైతే వెళ్లినవారికి ఖాళీ కంకులే మిగులుతాయి.

మరో కిటుకు ఉంది. గిడ్డంగిలో పెట్టిన విత్తనం పెట్టిన నాటి స్థితిలోనే ఆగిపోతుంది. గట్టు మీది మొక్క ఏటా కొత్త ఎండను, కొత్త తెగులును, కొత్త పురుగును ఎదుర్కొంటూ తనను తాను మార్చుకుంటూ సాగుతుంది. 1970లో దాచిన గింజకు 2026 నాటి వేడి తెలియదు. గిడ్డంగులకూ ప్రమాదాలు తప్పవు. అంతర్యుద్ధం వల్ల సిరియాలోని అలెప్పో సమీపాన ఉన్న అంతర్జాతీయ విత్తన నిధి పరిశోధకులకు అందుబాటులో లేకుండా పోగా, 2015లో స్వాల్‌బార్డ్‌ నుంచి నకళ్లను వెనక్కి తెప్పించుకోవాల్సి వచ్చింది. కాబట్టి బ్యాంకూ కావాలి, గట్టూ కావాలి. ఒకటి రెండోదానికి ప్రత్యామ్నాయం కాదు.

కేంద్రం 2025-26 బడ్జెట్‌లో పది లక్షల నమూనాల సామర్థ్యంతో రెండో జాతీయ జన్యు నిధిని ప్రకటించింది. అదే ఏడాది అక్టోబరులో కంది, మినుము, మసూర్‌ పప్పుల్లో స్వయంసమృద్ధి కోసం రూ.11,440 కోట్ల పథకాన్ని ఆమోదించింది. రెండూ స్వాగతించదగినవే. కానీ దాచడానికి గిడ్డంగి కడుతూ, దాచాల్సిన విత్తనం మొలిచే చోటును గాలికొదిలేస్తే కుండకు చిల్లు ఉంచి నీళ్లు పోసిన చందమే.

చట్టం చుట్టమే... అమలే అంతంత మాత్రం

విశేషమేమిటంటే ఈ మొక్కల కోసం కొత్త చట్టమేదీ అక్కర్లేదు. ఉన్న చట్టాల్లోనే మూడు చోట్ల వీటికి స్థానం ఉంది. జీవవైవిధ్య చట్టం 2002 ప్రకారం ప్రతి స్థానిక సంస్థలో జీవవైవిధ్య యాజమాన్య కమిటీ ఉండాలి. అది గ్రామస్థులతో సంప్రదించి ప్రజా జీవవైవిధ్య రిజిస్టరు రాయాలి. జాతీయ జీవవైవిధ్య ప్రాధికార సంస్థ 2013లో సవరించిన మార్గదర్శకాల్లోని నమూనాలో పంటల వన్య బంధువుల కోసం ఒక ప్రత్యేక పట్టికే ఉంది. అదే చట్టం కింద ప్రకటించే జీవవైవిధ్య వారసత్వ ప్రదేశాల ఎంపికలో, సాగు పంటల వన్య పూర్వీకులు ఉండటమూ ఒక అర్హత.

మూడోది రైతుకు నేరుగా సంబంధించినది. మొక్కల రకాల పరిరక్షణ, రైతుల హక్కుల చట్టం 2001లోని 39వ సెక్షన్‌ ప్రకారం, దేశవాళీ రకాలను, పంటల వన్య బంధువులను కాపాడే రైతులు జాతీయ జన్యు నిధి నుంచి గుర్తింపు, పారితోషికం పొందడానికి అర్హులు. ఆ నిధి నుంచే ఏటా జన్యు సంరక్షక పురస్కారాలు ఇస్తున్నారు. సమష్టిగా కృషి చేసే సంఘానికి రూ.10 లక్షల వరకు బహుమతి ఉంది. గట్టు మీది తీగను కాపాడినందుకు రైతుకు గుర్తింపు దక్కవచ్చునన్న సంగతి ఎన్ని రైతు వేదికల్లో చర్చకు వచ్చిందన్నది ప్రశ్నార్థకమే.

రిజిస్టర్ల వ్యవహారం వేరే కథ. పనిలో జాప్యం మీద జాతీయ హరిత ట్రైబ్యునల్‌ ఆగ్రహించి, 2020 జనవరి 31 గడువు విధించి, ఆపై ఆలస్యం చేసే రాష్ట్రాలు నెలకు రూ.10 లక్షల వంతున జమ చేయాలని ఆదేశించింది. ఫలితంగా దేశవ్యాప్తంగా లక్షల సంఖ్యలో రిజిస్టర్లు తయారయ్యాయి. గడువు ఒత్తిడిలో రాసిన వాటి నాణ్యతపై పర్యావరణవేత్తలు అప్పట్లోనే సందేహాలు వెలిబుచ్చారు. సంఖ్య పూర్తయింది కాబట్టి పని పూర్తయిందనుకుంటే పొరపాటే. ప్రతి గ్రామ పంచాయతీ తన రిజిస్టరు తెరిచి, వన్య బంధువుల పట్టికలో ఏం రాశారో, అసలు ఏమైనా రాశారో లేదో ఒక్కసారి చూసుకుంటే అసలు పరిస్థితి ఇట్టే తెలిసిపోతుంది.

ఆదర్శం ఉంది... అందుకోవడమే తరువాయి

జాతిని దాని నేల మీదే కాపాడటం కొత్త ఆలోచన కాదు. మేఘాలయలోని గారో కొండల్లో అడవి నారింజ జాతుల కోసం నోక్రెక్‌ ప్రాంతంలో జాతీయ నిమ్మజాతి జన్యు అభయారణ్యం నాలుగు దశాబ్దాలకు పైగా కొనసాగుతోంది. మెక్సికోలోని సియెర్రా దె మనాంత్లాన్‌ కొండల్లో 1970వ దశకం చివర మొక్కజొన్నకు బహువార్షిక చుట్టం ఒకటి బయటపడగా, 1987లో ఆ ప్రాంతాన్ని జీవావరణ రక్షిత ప్రదేశంగా ప్రకటించారు. అక్కడి మొక్క రైతులు పశువులు మేపుకొనే, మొక్కజొన్న వేసుకునే నేలల్లోనే పెరుగుతుంది. మనిషిని వెళ్లగొట్టి కాదు, మనిషి పాత పద్ధతులను కొనసాగించడం ద్వారానే దాని మనుగడ సాధ్యమవుతుందని అనుభవం నేర్పింది.

జిల్లాలోనూ అనుకూలతలకు కొదవ లేదు. అమీన్‌పూర్‌ చెరువు 2016లో జీవవైవిధ్య వారసత్వ ప్రదేశం హోదా పొందింది. నగర పరిసరాల్లోని జలవనరుకు ఈ గౌరవం దక్కడం దేశంలో అదే తొలిసారి. అక్కడ వచ్చిన గుర్తింపు ప్రధానంగా పక్షుల చలవ. మంజీర అభయారణ్యం మొసళ్ల చలవ. గడ్డికి, తీగకు అలాంటి పలుకుబడి లేదు. జహీరాబాద్‌ ప్రాంతంలో దక్కన్‌ డెవలప్‌మెంట్‌ సొసైటీ మహిళా సంఘాలు దశాబ్దాలుగా పాత పంటల విత్తనాలను కాపాడుతున్నాయి. విత్తకుండా చేలల్లో మొలిచే దొగ్గలి కూర వంటి ఆకుకూరలను పేర్లతో సహా గుర్తించి, వండి, ఏటా పాత పంటల జాతరతో ఊరూరా చాటుతున్నాయి. ఈ సంఘాలకు 2019లో ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం ఈక్వేటర్‌ బహుమతి దక్కింది. దొగ్గలి కూర తోటకూరకు అడవి చుట్టమే. కలుపు అనే మాటకు ఆ మహిళలు చెప్పే అర్థం వేరు. తినే కూర, మేపే గడ్డి, దాచే విత్తు అన్నీ అందులోనివే. ఆ పరిజ్ఞానాన్ని వన్య కందికీ, నివ్వరికీ విస్తరించడం అసాధ్యమేమీ కాదు.

ఇప్పుడేం చేయాలి?

రైతు పక్షాన వినవలసిన మాటా ఉంది. వరి మడిలో అడవి వరి కలిస్తే కేళీలు పెరుగుతాయి, గింజ రాలుతుంది, ధాన్యానికి ధర పడిపోతుంది. వెదజల్లే పద్ధతిలో ఈ బెడద మరింత ఎక్కువ. కాబట్టి మడిలో ఏరివేయడం రైతు హక్కు. కోరవలసింది మడిలో చోటు కాదు. మడి అవతల, ఊరుమ్మడి భూమిలో కాస్త చోటు. చెరువు శిఖంలో అరెకరం అంచును గీకకుండా, మందు చల్లకుండా వదిలేస్తే నివ్వరికి సరిపోతుంది. బంచరాయిలో ఒక మూలను కోతకు, మేతకు తప్ప దున్నకానికి ఇవ్వకుండా ఉంచితే అడవి కంది తీగకు చాలు. ప్రతి గ్రామంలో ఏర్పాటైన పల్లె ప్రకృతి వనాల్లో చెట్ల పక్కన ఊరి తీగకూ, ఊరి గడ్డికీ ఒక పాదు కేటాయించడానికి అదనపు నిధులు అవసరం లేదు.

అన్నింటికన్నా తక్షణం జరగాల్సింది జహీరాబాద్‌లో. పరిశ్రమలు రావాలా వద్దా, పరిహారం చాలునా చాలదా అన్న వివాదాలు వేరు. వాటి తీర్పు ఎలా ఉన్నా, నేలను చదును చేసేలోగా ఆ గట్లు, వాగుల అంచుల నుంచి వన్య కంది, పిల్లిపెసర, అడవి జొన్న వంటి జాతుల విత్తనాలను సేకరించి తీరాలి. వానలు వెనుదిరిగి కాయలు ముదిరే కాలంలో ఒక్క సీజన్‌ కేటాయిస్తే ఈ పని పూర్తవుతుంది. సేకరించడానికి కృషి విజ్ఞాన కేంద్రం ఉంది. గుర్తించడానికి డిగ్రీ కళాశాలల వృక్షశాస్త్ర విభాగాలున్నాయి. దాచడానికి అదే రహదారి మీద ఇక్రిశాట్‌, ఆపై రాజేంద్రనగర్‌లో జాతీయ మొక్కల జన్యు వనరుల సంస్థ ప్రాంతీయ కేంద్రం ఉన్నాయి. నిపుణులను విమానంలో రప్పించాల్సిన పని లేదు. కావాల్సింది ఈ శాఖలన్నింటినీ ఒకచోట కూర్చోబెట్టే కలెక్టరేట్‌ చొరవ ఒక్కటే.

కంది పేరుతో ఏకంగా ఒక మండలమే ఉన్న జిల్లా ఇది. ప్రపంచ కంది విత్తనాలకు కాపలా కాస్తున్న జిల్లా కూడా ఇదే. అలాంటి చోట కంది చుట్టాలు గట్టు మీదే అనాథలై మాడిపోతే ఆ అపఖ్యాతి కడిగినా పోదు. మాలి గడ్డిని ఎవరో దున్నకుండా వదిలేసినందుకే ఇక్కడి సాంబ మసూరి మడి పచ్చగా ఉంది. రేపు ఏ దేశపు పంటకు ఏ తెగులు సోకి, ఎవరు ఇక్కడి గట్టు వైపు చూస్తారో తెలియదు. ఆనాటికి గట్టు ఉండాలి. గట్టు మీద మొక్క ఉండాలి. ఊరి రిజిస్టరులో దాని పేరైనా ఉండాలి.